పద్నాలుగో మంచం పేషెంటు

అంకమ్మరావుకు చినపిచ్చయ్య మీద కోపం ఇవాళ్టిది కాదు. పదకొండేళ్ల కింద మొదటిసారి ఆటో ఎక్కించినప్పుడే మొదలైంది. ఆరోజు చినపిచ్చయ్య తన సొంత బావమరిది ఏడుకొండలుకు గుండెపోటు ఇచ్చుకుని, అంకమ్మరావుకు పైత్యపు తిత్తిలో రాళ్లు ఇచ్చాడు. గుండెపోటుకు రోజుకు ఐదొందలు, చల్లటి గది. రాళ్లకు మూడొందల యాభై, ఫ్యాను కింద మంచం.

"భూమీ పుట్రా ఉన్నోణ్ణి, నాకు రాళ్లేందిరా పిచ్చయ్యా" అని అడిగితే, "నీ మొహానికి గుండెపోటు అతకదు మామా. ఎప్పుడూ ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటావు. అది రాళ్ల మొహం" అన్నాడు.

చినపిచ్చయ్య మేస్త్రీ. మిరపకోతలకు ముఠాలు కట్టే మేస్త్రీలు ఊరికి నలుగురుంటారు. ఇతను పేషెంట్ల మేస్త్రీ. ఆ చుట్టుపక్కల వైద్యం నేర్పే కాలేజీలు పుట్టుకొచ్చాయి. కాలేజీ అంటే ఆసుపత్రి ఉండాలి, ఆసుపత్రి అంటే మంచాలుండాలి, మంచాల మీద మనుషులుండాలి. యాజమాన్యాలు మొదటి రెండూ కట్టగలిగాయి. మూడోది కట్టలేక మేస్త్రీని పెట్టుకున్నాయి. తనిఖీ కమిటీ వస్తోందని తెలియగానే ఫోను వచ్చేది: "రేపటికి నలభై మంది. ఆడవాళ్లు పదిహేను. అందులో ఇద్దరు నిండు చూలాళ్లయితే మంచిది." మర్నాడు తెల్లారేసరికి ఊళ్లో పనికి పోగలిగిన ఆరోగ్యవంతులంతా ఆసుపత్రిలో పడుకుని ఉండేవారు. నిజంగా జబ్బు చేసినవాళ్లు ఇళ్ల దగ్గర ఉండిపోయేవారు. వాళ్లను ఆటో ఎక్కిస్తే దారిలో ఏమన్నా అయితే మేస్త్రీ మీదికొస్తుందని.

అంకమ్మరావు ఏడో తరగతిలో, వాళ్ల నాన్న గొర్రు చేతికిచ్చిన రోజున బడి మానేశాడు. ఆ రోజునుంచి చదువుకున్నవాళ్ల మీద గౌరవమూ కసీ రెండూ సమానంగా పెంచుకున్నాడు. తెల్లకోటు వేసుకున్నవాడు మంచం పక్కన నిలబడి ఇంగ్లీషులో తన గురించి మాట్లాడుతుంటే ఆ రెండూ ఒకేసారి తీరేవి. ఆరు కాలేజీలు తిరిగాడు. తిరిగాడంటే పడుకున్నాడు. ఒక్కరోజు జ్వరం ఎరగని మనిషి, పదకొండేళ్లుగా రాళ్లతో బాధపడుతున్నాడు.

ఇంతలో కూతురు నాగమల్లేశ్వరి ఇంటర్ అయింది. డాక్టరు చదువుకు ర్యాంకు చాలలేదు. కాలేజీలో ఎవరో చెప్పారట, ఫిజీషియన్ అసిస్టెంట్ అనే చదువు ఉందని. డాక్టరు పక్కనే ఉండి రోగిని పరీక్షించటం, వివరాలు రాయటం, ఆపరేషన్‌లో చెయ్యందించటం. నాలుగేళ్లు. పిల్ల తండ్రిలా మాటలమనిషి కాదు. ఒక నోటుబుక్కు తీసి చుట్టుపక్కల కాలేజీల పేర్లన్నీ రాసుకుని, ప్రతి పేరు ఎదురుగా ఒకే ప్రశ్న రాసింది: రోజుకు ఎంతమంది రోగులు వస్తారు? ఆ ప్రశ్న పట్టుకుని బస్సుల్లో తిరిగొచ్చింది.

"నాన్నా, నేను రైలుగేటు ఆసుపత్రి కాలేజీలో చేరతా" అంది. "ఫీజు తక్కువ. చీటీ రాయించుకునే లైను గేటు దాటి బజార్లోకి వచ్చింది. నేనే చూసొచ్చా."

అంకమ్మరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆ ఆసుపత్రోళ్లు పదకొండేళ్లల్లో ఒక్కసారన్నా నన్ను పిలిచారా?"

"నిన్నెందుకు పిలుస్తారు? వాళ్లకి నిజం పేషెంట్లే పట్టట్లేదు."

"అదే చెప్తన్నా. తనిఖీ అంటే లెక్కే లేదు ఆ మనుషులకి. మంచానికి ఇద్దరంట. ఒకడి తల కాడ ఇంకొకడి కాళ్లంట. అదేం పద్ధతి? అట్టాంటి చోట నువ్వు పద్ధతేం నేర్చుకుంటావు?"

"జబ్బులు నేర్చుకుంటా."

"జబ్బుల్దేముంది, యాడైనా ఉంటాయి."

తన అనుభవం అంతా బయటికి తీశాడు. హైవే పక్క కాలేజీలో ఉప్మా చల్లగా పెడతారు. ఇంకోదాంట్లో మంచం ఇనుపకోళ్లు ఊగుతాయి, దగ్గితే పక్కవాడికి తెలుస్తుంది. కొండకింద కాలేజీలో దుప్పట్లు తనిఖీ కాగానే మడిచి లెక్కపెట్టి, తక్కువొస్తే పేషెంట్ల సంచులు వెతుకుతారు. కానీ శ్రీ జీవామృతవర్షిణి అనుబంధ వైద్య విజ్ఞాన సంస్థ ఉందే, అది వేరు. తెల్లటి దుప్పటి మీద సంస్థ ముద్ర. పులిహోర, ఉడకబెట్టిన గుడ్డు. పైగా అక్కడ పెద్దడాక్టరు ఒకసారి వచ్చి చెయ్యి పట్టుకుని "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాడు. అంతకుముందు ఆ మాట అంకమ్మరావును ఎవరూ అడిగి ఎరగరు. ఇంట్లో కూడా.

పొయ్యి దగ్గరనుంచి భార్య కోటమ్మ వింటూనే ఉంది. "మిరపకాయలు యార్డుకేసేటప్పుడు బస్తా పైన ఎర్రకాయలు పరిచి అడుగున తాలు నింపేవోడివి నువ్వే గదా. ఆ మాత్రం తెలవదా నీకు?"

"నాకా చెప్తావు? ఆ పైవరస కాయని నేనే గదే. పైవరస ఎంత బాగుంటే సరుకు అంత బాగున్నట్టు."

కోటమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. కూతురు నోటుబుక్కు మూసింది.

అసలు ముడి వేసినవాడు చినపిచ్చయ్య. అరుగు మీద కూర్చుని, "ఆరు కాలేజీల్లో పడుకున్నోడివి మామా, ఈ జిల్లాలో ఇంత అనుభవం ఇంకెవరికుంది? చదువుకున్నోళ్లు బ్రోచర్లు చూసి ఎంచుకుంటారు, నువ్వు మంచం చూసి ఎంచుకున్నావు" అన్నాడు. ఫీజుకూ డొనేషనుకూ చేను అమ్మాలన్నప్పుడు, కొనేవాడికోసం ఎక్కడికో పోనక్కర్లేకుండా తనే కొన్నాడు. పిల్లను చేర్చినందుకు కాలేజీ అతనికి ఇచ్చిన కమీషను వేరే. ఆ సంగతి అంకమ్మరావుకు తర్వాత తెలిసింది. కోపం పెద్దదైంది అప్పుడే.

చేరేరోజు జీవామృతవర్షిణి డైరెక్టర్ సత్యకీర్తిగారు తండ్రీకూతుళ్లను స్వయంగా గదిలోకి పిలిచారు. ఆయన అంకమ్మరావును గుర్తుపట్టారు.

"మీరు మా పద్నాలుగో మంచం కదూ? పురుషుల శస్త్రచికిత్సా విభాగం. సంతోషం. రోగి కుటుంబంనుంచే విద్యార్థిని రావటం మా సంస్థాగత దార్శనికతకు నిదర్శనం. మా విద్యాప్రణాళిక పూర్తిగా రోగి కేంద్రితమమ్మా."

"రోజుకు ఎంతమంది రోగులు వస్తారు సార్?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

"మా సంస్థలో రోగి లేని మంచం ఉండదమ్మా" అన్నారు డైరెక్టరుగారు. వస్తారో రారో మాత్రం చెప్పలేదు.

ఆమె చేరిన మూడోనెలలో అనుబంధ వైద్య విద్యా ప్రమాణాల మండలికి ఒక విషయం తెలిసింది. కొన్ని కాలేజీల్లో తనిఖీ రోజున ఒక్కరోజు రోగులను తెచ్చి పడుకోబెడుతున్నారని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. మండలి మండిపడింది. కమిటీ వేసింది, ఆ కమిటీ ఇంకో కమిటీ వేసింది, చివరికి ఒక నిబంధన వచ్చింది. పేరు, రోగి నిరంతరతా నిబంధన. సారాంశం ఏమిటంటే: ఒక్కరోజు రోగులను మండలి ఇకపై సహించబోదు. ప్రతి మంచానికీ నిలకడ గల రోగి ఉండవలెను. ఆ రోగి ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఐదుకూ వేలిముద్ర వేయవలెను. డెబ్బై ఐదు శాతం హాజరు లేని రోగిని రోగిగా పరిగణించబోము.

నకిలీ రోగుల పీడ ఈ దెబ్బతో వదులుతుందని మండలి అనుకుంది. వదిలింది కూడా. అప్పటిదాకా కూలీకొచ్చేవాళ్లు కాస్తా పర్మినెంటు అయ్యారు.

చేను పోయాక అంకమ్మరావు చేతులు ఖాళీగానే ఉన్నాయి. నియామకపత్రం తెచ్చి ఇంట్లో చూపించాడు. "శాశ్వత రోగి (పురుష), పద్నాలుగో మంచం, రోగం: పిత్తాశయ శిలలు." జీతం నేరుగా కూతురి ఫీజులోకి పోతుంది. మెడలో ఫోటో కార్డు. లేతాకుపచ్చ చొక్కా రెండు జతలు. ఏడో తరగతివాడికి ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం ఎవరిస్తారు? కూలికి పోతే నడుం వంచాలి. ఇక్కడ వంచకపోవటమే పని.

మొదట్లో చిన్నచిన్న ఇబ్బందులు వచ్చాయి. వేలిముద్ర మిషను పై అంతస్తులో పెట్టారు. గుండెజబ్బుల వార్డు కింద ఉంది. ఏడుకొండలూ ఇంకో తొమ్మిదిమంది గుండెరోగులూ రోజుకు రెండుసార్లు మెట్లెక్కి దిగేవారు, ఆలస్యమైతే పరుగెత్తేవారు. పదిహేనో మంచం పక్షవాతం, అంటే సాంబయ్య, కుడిచెయ్యి పడిపోయినవాడు, అలవాటుకొద్దీ కుడి బొటనవేలు పెట్టాడు. డైరెక్టరుగారు పిలిచి మందలించారు. "మీ రోగానికి మీరే కట్టుబడకపోతే ఎలా సాంబయ్యగారూ? ఎడమచెయ్యి వాడండి. వృత్తిధర్మం అనేది ఒకటుంటుంది."

తర్వాత రెండో ఉత్తర్వు వచ్చింది. ఇంతమంది రోగులు ఇన్ని నెలలుగా ఉంటే ఒక్కరూ కోలుకోవటం లేదేమని మండలి అడగలేదు. రోగి కోలుకుంటే మంచం ఖాళీ అవుతుంది, చనిపోతే సంస్థకు మచ్చ వస్తుంది, కాబట్టి రోగులను "స్థిరమైన అస్వస్థత"లో నిలబెట్టాలని చెప్పింది. ఆ మర్నాడే ఒక తెలివితక్కువవాడు, పెద్దడాక్టరు ఎలా ఉందండీ అని అడిగితే, నోరుజారి "బాగుందండి" అన్నాడు. సాయంత్రానికల్లా మెమో వచ్చింది. బాగున్నానని ఎందుకు అన్నారో మూడు దినములలో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను. అతను చదువురానివాడు. సంజాయిషీ అంకమ్మరావు రాసిపెట్టాడు: "పొరపాటున అంటిని, ఇకముందు అనను, నాకు బాగుండలేదు."

మూడో ఉత్తర్వు ప్రకారం ప్రతి విద్యార్థికీ ఒక రోగిని కేటాయించాలి. విద్యార్థి చదువు పూర్తయ్యేదాకా ఆ రోగినే అనుసరించాలి. రోల్ నంబరు ఎంతో మంచం నంబరు అంత. నాగమల్లేశ్వరి రోల్ నంబరు పద్నాలుగు.

తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపుతో కూతురు మంచం దగ్గరికి వచ్చింది. అట్ట మీద కాగితం పెట్టుకుంది. వెనకాల ట్యూటరు నిలబడ్డాడు, కాబట్టి వరస కలపటానికి లేదు.

"మీ పేరు?"

"తెలవదా నీకు?"

"పేషెంటు చెప్పాలి."

"అంకమ్మరావు."

"పొగాకు అలవాటు?"

"చుట్ట. అదీ పొలానికి పోయినప్పుడు. పొలం లేదు గాబట్టి మానేసినట్టే రాసుకో."

"తాగుడు?"

అంకమ్మరావు పక్కమంచం సాంబయ్య వైపు చూశాడు. సాంబయ్య పడిపోయిన చేత్తో మొహం మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"మానేశా."

"ఎప్పుడు మానేశారు?"

"ఇప్పుడే, నువ్వడిగినప్పుడు."

ఆమె నవ్వకుండా రాసుకుంది. తర్వాత చొక్కా పైకి జరిపి, పుస్తకంలో ఉన్నట్టు, కుడి పక్కటెముకల కింద వేళ్లు పెట్టి నొక్కి, ఊపిరి పీల్చమంది. "నొప్పుందా?"

"ఉందని చెప్పమన్నారు."

ఇట్లా రోజుకు రెండుసార్లు, రెండున్నరేళ్లకు పైగా ఆ పిల్ల తండ్రి పొట్ట నొక్కింది. ఏడుకొండలు గుండెను పన్నెండో నంబరు విద్యార్థి విన్నాడు. ఎద్దు గుండెలా ఒకే తాళం కొట్టుకునేది. ఆ తాళాన్నే గుండెపోటు అని రికార్డులో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. నాగమల్లేశ్వరి అక్షరం మంచిది. మార్కులు ఎక్కువ ఆమెకే.

మూడో ఏట ఒకరోజు, పదిగంటలవేళ, వీరమ్మ అనే ముసలామె ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. పక్కూరునుంచి నడిచొచ్చింది. బోర్డు చూసి, ఆసుపత్రి అని చదివించుకుని వచ్చింది. ఊపిరి అందటం లేదు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూ అడిగింది, "మీ రోగి సంఖ్య?"

నాగమల్లేశ్వరి మెట్ల దగ్గరికి పరుగెత్తి స్టెతస్కోపు పెట్టింది. వీపు వెనక, అడుగున, పుస్తకాల్లో చదివిన శబ్దం, తడి ఇసక మీద నడిచినట్టు, మొదటిసారి చెవికి వినిపించింది.

డైరెక్టరుగారు వచ్చారు. "అమ్మా పద్నాలుగో నంబరు, చెయ్యి తియ్యి. నమోదు కాని రోగాన్ని ముట్టుకుంటే మన గణాంకాలు చెడిపోతాయి."

"ఒక్క మంచం ఇవ్వండి సార్. నీళ్లు చేరినాయి ఊపిరితిత్తుల్లో."

"మంచాలన్నీ నిండినాయమ్మా. రోగులున్న మంచం ఖాళీ చేయించమంటావా? అది మానవత్వమేనా?"

ఆమె ముసలామెను ఆటోలో ఎక్కించుకుని రైలుగేటు ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ లైనులో ముందుకు పంపారు. ఆరోజు నాగమల్లేశ్వరికి హాజరు పడలేదు.

సాయంత్రం తండ్రి పొట్ట నొక్కటానికి వచ్చినప్పుడు ట్యూటరు లేడు. "నాన్నా, ఇవాళ మొదటిసారి జబ్బు చూశా" అంది.

"ఎట్టుంది?"

"భయమేసింది. నాకేం రాదని తెలిసింది. రాళ్లు లేని పొట్ట నొక్కి నొక్కి పట్టా తెచ్చుకుని, రేపు రాళ్లున్నోడి పొట్ట మీద చెయ్యేస్తే నాకేం తెలుస్తది?"

"పట్టా చేతికి రానీ. నేర్చుకోటం తర్వాత."

"చేను అమ్మింది పట్టా కోసమా నాన్నా, నేర్చుకోటం కోసమా?"

అంకమ్మరావు గోడ గడియారం చూశాడు. అప్పటికి ఐదు కావస్తోంది. వేలిముద్ర వెయ్యాలని లేచి మెట్ల వైపు పోయాడు. పైకెక్కి వేలు పెట్టాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె ప్రశ్న అక్కడిదాకా వచ్చింది.

ఆ బ్యాచ్‌కు గుర్తింపు ఇచ్చే ఆఖరి తనిఖీ మూడో ఏటి చివర వచ్చింది. ఇది గట్టెక్కితే పట్టాలు చెల్లుతాయి. వారం ముందునుంచీ గోడలకు రంగులు. ముందురోజు డైరెక్టరుగారు రోగులందరినీ సమావేశపరచి ఉపన్యసించారు. "ఒక్క మంచం, ఒక్కటంటే ఒక్కటి, కమిటీ ఉన్న సమయంలో ఖాళీగా కనిపిస్తే గుర్తింపు పోతుంది. మీ బిడ్డలాంటి విద్యార్థుల భవిష్యత్తు మీ పడక మీద ఆధారపడి ఉంది."

అంకమ్మరావు గట్టిగా తల ఊపాడు. మిగతావాళ్లకు బిడ్డలాంటివాళ్లు. తనకు బిడ్డే.

తనిఖీ రోజు పొద్దున బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. పులిహోర పడలేదనుకున్నాడు. పదింటికి ఆ నొప్పి కిందికి, కుడిపక్కకు దిగి కూర్చుంది. రెండుసార్లు వాంతి అయింది. ఒళ్లు కాలుతోంది. డ్యూటీ డాక్టరును పిలిచి మెల్లగా చెప్పాడు.

"బాబూ, నాకు నిజంగా నొప్పిగా ఉంది."

డాక్టరు కేసుషీటు తిరగేశాడు. "మీది పిత్తాశయం కదండీ. మీరు చూపించేది కింద. ఇది మీకు మంజూరు కాలేదు."

"మంజూరు కాకపోయినా వచ్చింది బాబూ."

"అలా వస్తే రోగ పరివర్తన దరఖాస్తు పెట్టుకోవాలి. మూడు కాపీలు. మండలి అనుమతి వచ్చేదాకా నొప్పిని నమోదు చెయ్యకూడదు. ఇవాళ్టికి పైనే చూపించండి, మీ అమ్మాయి చదువు కదా."

అంకమ్మరావు చెయ్యి పైకి జరిపి పక్కటెముకల కింద పెట్టుకున్నాడు. నొప్పి కింద, చెయ్యి పైన. పళ్లు బిగించి అలా రెండు గంటలు పడుకున్నాడు.

కమిటీ వచ్చింది. అధ్యక్షులవారు బంగారు రంగు కళ్లద్దాల మనిషి. పద్నాలుగో మంచం దగ్గర ఆగారు. అంకమ్మరావు మూలుగుతున్నాడు, నుదుటి మీద చెమట కాలువ కట్టింది.

"గత సంవత్సరం కంటే బాగా మెరుగుపడింది" అన్నారు అధ్యక్షులవారు మెచ్చుకోలుగా. "చాలా సహజంగా ఉంది."

డైరెక్టరుగారు వినయంగా వంగారు. "నిరంతర నాణ్యతాభివృద్ధి సార్."

కేసు వివరించటానికి నాగమల్లేశ్వరి ముందుకొచ్చింది. కాగితం తీసి, అలవాటు ప్రకారం చెయ్యి పొట్ట మీద వేసింది. వేసి, ఆగింది. కాగితం పక్కన పెట్టింది. కింద కుడివైపు మెల్లగా నొక్కి, ఒక్కసారిగా వదిలింది. అంకమ్మరావు కేక వార్డు చివరిదాకా వినిపించింది.

"సార్, ఇది రాళ్లు కాదు. అపెండిక్సు. పగిలేట్టుంది."

"అమ్మాయీ, రికార్డులో పిత్తాశయం అని ఉంది" అన్నారు అధ్యక్షులవారు.

"రికార్డు రాసింది నేనే సార్. ఈ పొట్ట నాకు తెలుసు. ఇన్నేళ్లు రోజుకు రెండుసార్లు నొక్కాను. దీంట్లో ఏ జబ్బూ లేదని ఈ కాలేజీలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. అందుకే చెప్తున్నా. ఇవాళ ఉంది."

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. ఆమె ఆయన్ను పట్టించుకోకుండా తిరిగి, గుంపులో వెనక నిలబడ్డ సర్జనుగారి వైపు చూసింది. "సార్, మీరు చూడండి సార్. థియేటరు తెరిపించండి."

తనిఖీలకు మాత్రమే వచ్చే ఆ సర్జనుగారు ఆ పొద్దునే రెండువందల మైళ్ల దూరంనుంచి కారులో దిగారు. ఆయన గొంతు తగ్గించి, "నేను సంతకానికొచ్చానమ్మా" అన్నారు.

అంకమ్మరావు ఇదంతా విన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "కమిటీ పోయేదాకా ఓర్చుకుంటానమ్మా. మంచం ఖాళీ అయితే నీ పట్టా పోద్ది. మంచం మీదనుంచి లేపమాకు నన్ను."

"నోర్మూసుకుని లే నాన్నా."

ఆ పిల్ల తండ్రిని ఆ మాట అనటం అదే మొదలు. భుజాల కింద చేతులు వేసి లేపింది. ఒక్కతి మొయ్యలేకపోయింది. అప్పుడు పదిహేనో మంచం పక్షవాతం సాంబయ్య దుప్పటి తన్నేసి దిగి, పడిపోయిన కుడిచేత్తో కాళ్లు రెండూ ఎత్తి పట్టుకున్నాడు. పదహారో మంచం విరిగిన తుంటి వచ్చి అంకమ్మరావు నడుం పట్టుకుంది. గుండెపోటు ఏడుకొండలు రోడ్డు మీదికి దౌడు తీసి ఆటోను ఆపాడు. కమిటీ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

తర్వాత మండలి నివేదిక వచ్చింది. దానిలో తప్పేమీ లేదు, చూసింది చూసినట్టే రాశారు. పక్షవాత రోగి లేచి నడవటం సంస్థ సాధించిన విశిష్ట వైద్యఫలితంగా నమోదైంది. తుంటి విరిగిన రోగి కోలుకున్న వేగాన్ని ప్రశంసించారు. అయితే పన్నెండు గంటల నలభై నిమిషాలకు పద్నాలుగో మంచం ఖాళీగా ఉన్నట్టు గమనించినందున, ఆ బ్యాచ్ శిక్షణకు గుర్తింపు నిరాకరించారు. మూడేళ్ల చదువు చెల్లదు.

రైలుగేటు ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నమే కోసి తీశారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. మంచానికి ఇద్దరే, విన్నట్టుగానే. అంకమ్మరావు తల దగ్గర ఎవరో బర్రెల వ్యాపారి కాళ్లు. ఆ కాళ్లకు పుండు, దాని మీద నిజమైన కట్టు.

మూడోరోజు అక్కడి పెద్ద డాక్టరమ్మ రౌండుకొచ్చి కుట్లు చూసి, పక్కనున్న పిల్లను అడిగింది. "నువ్వేనా అమ్మా అపెండిక్సు అని పట్టుకొచ్చింది? ఏం చదువుతున్నావు?"

"ఫిజీషియన్ అసిస్టెంటండి. మూడో ఏడు అయిపోయింది. అంటే, లేదండి."

"మూడేళ్లల్లో ఎంతమంది పేషెంట్లను చూశావు?"

"ఒక్కణ్ణేనండి."

"ఒక్కడా? ఏం జబ్బు?"

"ఏం లేదండి."

డాక్టరమ్మ నర్సును పిలిచి ఒక పాత ఏప్రను ఇప్పించింది. "ఇదుగో, ఇది కట్టుకుని నాతో రా. మొదటి ఏటినుంచి మొదలుపెట్టాలి, వచ్చే నెల అప్లికేషన్లు ఇస్తారు. ఈ వరసలో పదకొండు మంది ఉన్నారు, చూద్దాం పద."

నాగమల్లేశ్వరి తండ్రి వైపు చూడకుండానే వెళ్లిపోయింది. పక్క మంచం దగ్గర వంగింది. ఎవరి పొట్టో నొక్కుతూ, నొప్పుందా అని అడిగింది. ఉంది తల్లో అన్నాడు వాడు, ఎవరూ చెప్పమనకుండానే.

సాయంత్రం చినపిచ్చయ్య పలకరించటానికి వచ్చాడు. చేతిలో సంచి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎట్టుంది మామా?"

అంకమ్మరావు కళ్లు మూసుకుని, "బాగలేదు" అన్నాడు, అలవాటు మీద.

"బెండకాయలు తెచ్చా. లేతయి. మన చేలోయే."

అంకమ్మరావు కళ్లు తెరిచాడు.

"కాలవగట్టున కొత్త కాలేజీ పడతా ఉంది" అన్నాడు చినపిచ్చయ్య గొంతు తగ్గించి. "నీ అనుభవం ఎవరికుంది? ఈసారి కుట్లు కూడా నిజమైనయ్యే గదా, మచ్చ చూపిస్తే చాలు. రాళ్లు కాదులే, గుండెపోటే ఇప్పిస్తా. ఏమంటావు?"

అంకమ్మరావు సంచిలో చెయ్యి పెట్టి ఒక బెండకాయ తీసి, కొస విరిచి చూశాడు. పటుక్కున విరిగింది. నీళ్లు బాగా పెట్టాడు, వెధవ. ఆ బోరు తను వేయించిందే, రెండువందల పది అడుగులు, తూర్పు గట్టున. బోరుతో కలిపి, నిమ్మచెట్లు మూడింటితో కలిపి, రాసిచ్చింది ఎకరం డెబ్బై రెండు సెంట్లు.